క్వాలిటీ పని మీ నెత్తిన పెట్టారా? కొత్త డీన్లకి, హెచ్‌ఓడీలకి, కోఆర్డినేటర్లకి ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో

కాలేజీలోగానీ యూనివర్సిటీలోగానీ క్వాలిటీ అష్యూరెన్స్ బాధ్యత ఎవరూ అడిగి తీసుకోరు, ఒకరోజు ఆర్డర్ వస్తుంది, దాంతోపాటు నాలుగు బీరువాల ఫైళ్ళు, ఒక స్ప్రెడ్‌షీట్ ఫోల్డర్, "ఇంకో ఏడాదిన్నరలో టీమ్ వస్తుంది, చూస్కోండి" అనే మాట వస్తాయి. టీమ్ అంటే అక్రిడిటేషన్ టీమ్, సంస్థ ప్రమాణాలు చూసి గుర్తింపు ఇచ్చే ఏజెన్సీ పంపే బయటివాళ్ళు. ఇంక అక్కణ్ణుంచి కొత్తాయన చేసే మొదటి పని అందరికీ మెయిల్ కొట్టడం, ఫలానా ఫార్మాట్‌లో డేటా పంపండి అని. ఆ మెయిల్ ఇప్పుడే కొట్టొద్దు. అది కొట్టారంటే మీరు ఫైళ్ళు పోగుచేసే మనిషి అని డిపార్ట్‌మెంట్లన్నీ ఫిక్స్ అయిపోతాయి, తర్వాత ఎంత మొత్తుకున్నా ఆ ముద్ర పోదు.

దానికి ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: పోయిన రెండేళ్ళలో జరిగిన రివ్యూల వల్ల, ఫీడ్‌బ్యాక్‌ల వల్ల, ఆడిట్ల వల్ల ఏ కోర్సులో ఏం మారింది? కోర్సు పేరు, మారిన విషయం, మార్చిన సెమిస్టర్, ఈ మూడూ చెప్పగలగాలి. మూడు కోర్సుల గురించి చెప్పగలిగితే మీ సంస్థ బాగానే ఉన్నట్టు. ఒక్కటి కూడా తట్టకపోతే మీ దగ్గర ఉన్నది క్వాలిటీ సిస్టమ్ కాదు, రికార్డ్ రూమ్. ఈ పోస్టంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే సాక్ష్యం నుంచి నిర్ణయం దాకా, నిర్ణయం నుంచి క్లాస్‌రూమ్ దాకా దారి వెయ్యడమే లీడర్ పని, మిగతాదంతా ఆఫీస్ వాళ్ళు చేసుకోగలరు.

మొదటి నెల: చదవండి, అడగండి, ఏమీ ప్రకటించొద్దు

చదవాల్సినవి మూడే. ఒకటి, పోయినసారి బయటి టీమ్ ఇచ్చిన రిపోర్ట్, అందులోనూ గ్రేడ్ వదిలేసి సిఫార్సులు ఉన్న పేజీ. రెండు, గత రెండేళ్ళ అకడమిక్ కమిటీల మినిట్స్. మూడు, ఏవైనా మూడు డిపార్ట్‌మెంట్ల పోయిన సెమిస్టర్ క్వశ్చన్ పేపర్లు. సిఫార్సుల పేజీ పక్కన పెట్టుకుని మినిట్స్ చదివితే తమాషాగా ఉంటుంది, టీమ్ చెప్పిన పన్నెండు విషయాల్లో తొమ్మిది మళ్ళీ ఎక్కడా కనపడవు, వచ్చే టీమ్ రావడానికి ఆర్నెల్ల ముందు మాత్రం పన్నెండూ ఒక్కసారిగా అజెండాలోకి ఎక్కేస్తాయి.

చదువుతూనే ఒక కాగితం మీద అధికారాల లెక్క రాసుకోండి. సిలబస్‌లో ఒక యూనిట్ మార్చాలంటే ఎవరి సంతకం కావాలి, ఎన్ని నెలలు పడుతుంది? ఇంటర్నల్ మార్కుల పద్ధతి మార్చాలంటే? క్వశ్చన్ పేపర్ బ్లూప్రింట్ ఎవరి చేతిలో ఉంది? ల్యాబ్‌కి డబ్బు ఎవరు శాంక్షన్ చేస్తారు? కొన్ని సంస్థలకి సిలబస్ తమ చేతుల్లోనే ఉంటుంది, కొన్నిటికి పైన ఇంకో యూనివర్సిటీ ఇచ్చిందే ఫైనల్. రెండో రకం వాళ్ళు "మా చేతిలో ఏముంది సార్" అంటారు గానీ అసైన్‌మెంట్లు, ఇంటర్నల్ పరీక్షలు, ల్యాబ్ పని, క్లాసులో టైమ్ దేనికి ఎంత అనేది అన్నీ వాళ్ళ చేతిలోనే ఉంటాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. ఈ కాగితం లేకుండా మీటింగ్‌లోకి వెళ్తే మీరు తీసుకునే నిర్ణయాల్లో సగం మీ పరిధిలో లేనివే అయ్యుంటాయి.

క్వాలిటీ అంటే ఏంటి అనే చర్చ కూడా ఎవరో ఒకరు లేవదీస్తారు, దాన్ని ఒక గంటలో ముగించండి. 1993లో లీ హార్వే, డయానా గ్రీన్ అని ఇద్దరు ఈ విషయం మీద రాసిన వ్యాసం ఇప్పటికీ అందరూ వాడతారు, క్వాలిటీని జనం ఐదు రకాలుగా అర్థం చేసుకుంటారని అందులో చెప్పారు: అందరికంటే గొప్పగా ఉండటం, తప్పుల్లేకుండా ఒకేలా ఉండటం, అనుకున్న ప్రయోజనానికి సరిపోవడం, పెట్టిన డబ్బుకి తగ్గ ఫలితం, చదువుకున్న మనిషిలో మార్పు. అక్రిడిటేషన్ ఏజెన్సీలు ఎక్కువగా మూడోదాన్ని పట్టుకుని నడుస్తాయి. ట్రస్టీలు మొదటిదాని గురించి మాట్లాడతారు, పేరెంట్స్ నాలుగోదాని గురించి, మంచి టీచర్లు ఐదోదాని గురించి. మీటింగ్‌లో గొడవ జరుగుతోందంటే తరచుగా ఒక్కొక్కరి తలలో ఒక్కో అర్థం ఉండటం వల్లే, అది గుర్తుపెట్టుకుంటే చాలు, నిర్వచనం ఓటింగ్‌కి పెట్టే పని లేదు.

అసలు పని క్వశ్చన్ పేపర్ దగ్గర మొదలవుతుంది

నన్నడిగితే కొత్త డీన్ ఎవరైనా సరే పాలసీ డాక్యుమెంట్ రాయకముందు ఒక కోర్సు తీసుకుని దాని అవుట్‌కమ్స్, దాని పేపర్ రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఒక మధ్యాహ్నం కూర్చోవాలి. కోర్సు చివర స్టూడెంట్ ఏం చెయ్యగలగాలో రాసుకున్నది (అవే అవుట్‌కమ్స్), క్లాసులో చేయించేది, పరీక్షలో అడిగేది మూడూ ఒకే లైన్‌లో ఉండాలని జాన్ బిగ్స్ అనే విద్యా పరిశోధకుడు 1996లో కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్ అనే పేరుతో చెప్పాడు, వినడానికి ఇంత తేలికైన విషయం ఇంకోటి లేదు, పాటించడంలో ఇంతకన్నా ఎక్కువ తప్పేదీ లేదు.

ఉదాహరణకి ఒక స్టాటిస్టిక్స్ కోర్సు అనుకోండి. అవుట్‌కమ్స్ మూడు రాశారు: పదాలు, సూత్రాలు తెలుసుకోవడం, ఇచ్చిన డేటాకి ఏ టెస్ట్ సరిపోతుందో ఎంచుకోవడం, వచ్చిన ఫలితాన్ని మామూలు మాటల్లో వివరించడం. బాగున్నాయి. ఇప్పుడు 60 మార్కుల పేపర్ చూడండి. రెండేసి మార్కులవి పది ప్రశ్నలు, అన్నీ "నిర్వచించుము". పదేసి మార్కులవి నాలుగు. వాటిలో రెండు "ఫలానా సూత్రాన్ని రాబట్టుము". మూడోది "కింది డేటాకి టీ-టెస్ట్ చేయుము", అంటే ఏ టెస్ట్ వాడాలో పేపరే చెప్పేసింది. నాలుగోది ఒక్కటే నిజంగా ఒక పరిస్థితి ఇచ్చి ఏ టెస్ట్ వాడతారు, ఎందుకు, ఫలితం చెప్పండి అంటుంది, కానీ దాని కింద "లేదా" అని ఉంది, ఆ లేదా కింద మళ్ళీ ఇంకో సూత్రం రాబట్టమని ఉంది. లెక్క వెయ్యండి: ఒక్కసారి కూడా టెస్ట్ ఎంచుకోకుండా, ఒక్క ఫలితాన్నీ మాటల్లో చెప్పకుండా స్టూడెంట్ 60కి 60 తెచ్చుకోవచ్చు. మూడు అవుట్‌కమ్స్‌లో రెండిటికి సాక్ష్యం సున్నా. అయినా ఆ కోర్సు ఫైల్ తెరిస్తే మూడు అవుట్‌కమ్స్‌కీ అటెయిన్‌మెంట్ (స్టూడెంట్స్ ఆ అవుట్‌కమ్‌ని ఎంతవరకు అందుకున్నారనే లెక్క) లెవెల్ 3, అంటే అన్నిటికంటే పై లెవెల్ అని ఉంటుంది, ఎందుకంటే ప్రతి ప్రశ్న పక్కనా ఏదో ఒక అవుట్‌కమ్ నెంబర్ వేసేశారు.

ఈ కసరత్తు చేసేటప్పుడు పేపర్ సెట్ చేసినవాళ్ళు పక్కనే ఉండాలి, వాళ్ళ చేతే లెక్క వేయించాలి. మీరు వేసి చూపిస్తే అది తనిఖీ అయిపోతుంది, వాళ్ళే వేస్తే "అరె, ఆ లేదా తీసేస్తే సరిపోతుంది కదా" అని వాళ్ళ నోటే వస్తుంది. నిజంగానే చాలాసార్లు అంత చిన్న మార్పే సరిపోతుంది.

బ్లూమ్ లెవెల్స్ గురించి ఒక మాట. గుర్తుపెట్టుకోవడం దగ్గర్నుంచి విశ్లేషించడం లాంటి పై మెట్ల దాకా ఆలోచనని లెవెల్స్‌గా విడగొట్టి 1956లో వచ్చిన వర్గీకరణ ఇది, 2001లో దాన్ని సవరించారు, ఇప్పుడు ప్రతి ప్రశ్న పక్కనా ఎల్1, ఎల్2 అని వెయ్యడం రివాజు అయిపోయింది. వెయ్యండి, తప్పులేదు. కానీ క్రియాపదం చూసి లెవెల్ వెయ్యొద్దు, "విశ్లేషించుము" అని అడిగి గైడ్‌లో ఉన్న సమాధానమే రాయించుకుంటే అది విశ్లేషణ అవ్వదు. క్లాసులో చేసిన లెక్కే పరీక్షలో వస్తే అది జ్ఞాపకశక్తి పరీక్షే, పేరు ఏదైనా.

తర్వాత మెట్టు దిద్దడం. ఒక కోర్సు నుంచి పది ఆన్సర్ షీట్లు తియ్యండి, పైన మూడు, మధ్యలో మూడు, పాస్ గీత దగ్గర అటూఇటూ ఉన్నవి నాలుగు. మార్కులు కనపడకుండా చేసి ఇంకో టీచర్‌కి ఇవ్వండి. పైవాటిలో తేడా పెద్దగా రాదు, గీత దగ్గర ఉన్నవాటిలో వస్తుంది, అక్కడ పాస్ ఫెయిల్ మారిపోతుంటే ఆ డిపార్ట్‌మెంట్‌కి రూబ్రిక్ (ఎలాంటి సమాధానానికి ఎన్ని మార్కులో ముందే రాసుకున్న పట్టిక) అవసరం ఉందని ఇంక ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో బయటి ఎగ్జామినర్‌ని పిలిచి తమ డిగ్రీ ప్రమాణం వేరేచోటి డిగ్రీతో సమానంగా ఉందా అని చూపించుకునే అలవాటు 19వ శతాబ్దం నుంచీ ఉంది. మీ దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా వేరే సంస్థలో అదే సబ్జెక్ట్ చెప్పే ఒకరికి ఏడాదికోసారి పేపర్, పది షీట్లు పంపి అభిప్రాయం అడగొచ్చు, అందుకు అయ్యే ఖర్చు ఒక వర్క్‌షాప్ ఖర్చులో ఏ మూలకీ రాదు.

అటెయిన్‌మెంట్ స్ప్రెడ్‌షీట్ల సంగతి

ఇంజినీరింగ్‌లో ఈ అవుట్‌కమ్ పద్ధతి ఎందుకు ఇంత గట్టిగా వచ్చిందంటే వాషింగ్టన్ అకార్డ్ వల్ల. 1989లో ఆరు దేశాల సంస్థలు మొదలుపెట్టిన ఒప్పందం అది, ఒక దేశంలో అక్రిడిట్ అయిన ఇంజినీరింగ్ ప్రోగ్రాంని మిగతా దేశాలు సమానంగా గుర్తిస్తాయి, ఇండియా నుంచి ఇంజినీరింగ్ ప్రోగ్రాంలకి అక్రిడిటేషన్ ఇచ్చే ఎన్‌బీఏ 2014లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. అమెరికాలో ఇదే పని చేసే ఏబెట్ అప్పటికే ఎంత బిల్డింగ్ ఉంది, ఎన్ని పుస్తకాలున్నాయి అనే లెక్కల నుంచి స్టూడెంట్ ఏం చెయ్యగలడు అనే లెక్కకి మారింది. ఏబెట్ ప్రమాణాల్లో అవుట్‌కమ్స్‌కి ఒక క్రైటీరియన్ ఉంటే, నిరంతరం మెరుగుపరచుకోవడానికి వేరే క్రైటీరియన్ ఉంది, ఈ రెండోదే మనవాళ్ళు మర్చిపోయేది. కొలవడం వరకు చేసి ఆగిపోతారు.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక అవుట్‌కమ్‌కి అటెయిన్‌మెంట్ 3కి 2.37 అని వస్తుంది. ఆ రెండో దశాంశానికి అర్థమేంటని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే టార్గెట్ మనమే పెట్టుకున్నాం, ఏ ప్రశ్న దేనికి అనేది మనమే వేసుకున్నాం, లెవెల్స్ హద్దులు మనమే గీసుకున్నాం. కాబట్టి అంకె కింద గీత గీసి సెలబ్రేట్ చెయ్యొద్దు, దాన్ని ఒక జ్వరం చూసే థర్మామీటర్‌లా వాడండి, ఎక్కడో తేడా ఉందని చెప్తుంది, రోగం ఏంటో చెప్పదు. డీన్‌గా మీరు అడగాల్సింది "అటెయిన్‌మెంట్ ఎంత?" అని కాదు, "ఏ అవుట్‌కమ్ మిగతావాటికంటే తక్కువొచ్చింది, ఎందుకని అనుకుంటున్నారు, వచ్చే సెమిస్టర్ ఏం వేరేగా చేస్తారు?" అని. ప్రతి కోర్సుకీ ప్రతి అవుట్‌కమ్‌నీ ప్రతి సెమిస్టర్ కొలవాలన్న రూల్ కూడా మీ ఏజెన్సీ నిజంగా పెట్టిందో లేక మన దగ్గరే పుట్టిందో ఒకసారి మాన్యువల్ తీసి చూడండి, సగం భారం పక్క కాలేజీని చూసి మనం నెత్తికెత్తుకున్నదే ఉంటుంది. ఏజెన్సీ అడగని చోట ఏడాదికి రెండు అవుట్‌కమ్స్ లోతుగా చూడటం అన్నిటినీ పైపైన చూడటం కంటే చాలా మేలు.

అంకెల్లో ఎప్పుడూ హారం చూడండి

పాస్ పర్సంటేజ్ 90 అని చెప్తారు. ఎంతమందిలో? 100 మంది చేరారు, మధ్యలో కొందరు మానేశారు, కొందరిని అటెండెన్స్ లేదని ఆపేశారు, 72 మంది పరీక్ష రాశారు, 65 మంది పాసయ్యారు. 72కి 65 అంటే 90 శాతం, 100కి 65 అంటే 65 శాతం. రెండూ నిజమే, కానీ మీరు చెయ్యాల్సిన పని రెండోదాంట్లోనే ఉంది, ఆ 28 మంది ఏ సెమిస్టర్‌లో జారిపోయారు, ఏ కోర్సు తర్వాత జారిపోయారు? చేరిన బ్యాచ్‌ని పట్టుకుని చివరిదాకా వెంటపడి చూసే లెక్క ఒక్కటి పెట్టండి, మిగతా డ్యాష్‌బోర్డులు తర్వాత చూసుకోవచ్చు. చాలాచోట్ల ఏ ప్రోగ్రాంలో అయినా ఒకటో రెండో కోర్సులే జనాన్ని ఆపేస్తుంటాయి, సీనియర్ స్టూడెంట్స్‌ని అడిగితే పేర్లు కళ్ళుమూసుకుని చెప్తారు, డేటా సెల్‌కి మాత్రం తెలియదు.

ప్లేస్‌మెంట్లకీ ఇదే. మొత్తం పాసైనవాళ్ళలోనా, రిజిస్టర్ చేసుకున్నవాళ్ళలోనా, ఎవరి గురించి కబురు అందిందో వాళ్ళలోనా? హారం రాయకుండా ఏ శాతమూ మీ సంతకంతో బయటికి వెళ్ళనివ్వకండి, ఎవరెంత ఒత్తిడి పెట్టినా సరే.

ఇంకో ప్రమాదం, ఒక అంకెకి బహుమతి కడితే ఆ అంకె చెడిపోతుంది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1970ల్లోనే చెప్పాడు, ఒక కొలతని నిర్ణయాలకి ఎంత ఎక్కువగా వాడితే దాన్ని వంకర తిప్పే ఒత్తిడి అంత పెరుగుతుందని. రిజల్ట్ బట్టి ఇంక్రిమెంట్ అన్నారనుకోండి, మర్నాటి నుంచి రిజల్ట్ పెరుగుతుంది, ఎలా పెరుగుతుందో ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్

60 మంది క్లాసు, 14 మంది ఫారం నింపారు, సగటు 4.2 వచ్చింది, బాగుంది అని ఫైల్‌లో పెట్టేశారు. విప్పి చూస్తే తొమ్మిది మంది ఐదు వేశారు, ముగ్గురు నాలుగు వేశారు, ఇద్దరు ఒకటి వేశారు. ఆ ఇద్దరూ రాసిన కామెంట్ ఒకటే, ల్యాబ్‌లో మాకు సిస్టమ్ దొరకట్లేదు అని. 46 మంది అసలు మాట్లాడనే లేదు. 4.2లో ఇదంతా ఎక్కడ కనపడుతుంది? సగటు కాదు, ఎవరెన్ని వేశారు అనే విభజన, ఎంతమంది నింపారు అనే సంఖ్య, కామెంట్లు, ఈ మూడూ కలిపే మీ ముందుకి రావాలి.

టీచర్‌కి వచ్చే రేటింగ్‌కి, స్టూడెంట్స్ నిజంగా నేర్చుకున్నదానికి సంబంధం ఉందా అని చాలా పరిశోధన జరిగింది, 2017లో ఉట్ల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పాత అధ్యయనాలన్నీ కలిపి మళ్ళీ లెక్క వేస్తే చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. ఆడవాళ్ళు అయిన టీచర్లకి రేటింగ్స్‌లో అన్యాయం జరుగుతోందని చూపించిన అధ్యయనాలూ ఉన్నాయి. అంటే ఫీడ్‌బ్యాక్ మానెయ్యమని కాదు, టీచర్‌కి ర్యాంక్ ఇవ్వడానికి వాడటం మానెయ్యమని. స్టూడెంట్‌కి కచ్చితంగా తెలిసిన విషయాలు అడగండి: క్లాసులు టైమ్‌కి జరిగాయా, అసైన్‌మెంట్ దిద్ది ఎన్నాళ్ళకి ఇచ్చారు, దిద్దినదాంట్లో తప్పెక్కడో రాశారా, ల్యాబ్‌లో పరికరం పనిచేసిందా. టీచర్‌కి సబ్జెక్ట్ మీద పట్టు ఉందా అని రెండో సెమిస్టర్ పిల్లాణ్ణి అడిగితే వాడేం చెప్తాడు?

ఇంకో పని చెయ్యండి, సెమిస్టర్ చివర్లో కాకుండా నాలుగైదు వారాలు గడిచాక మూడు ప్రశ్నల చిన్న ఫారం పెట్టించండి, అది టీచర్ మాత్రమే చూడాలి, మీకు రాకూడదు. వారం తిరక్కుండా క్లాసులో ఆ టీచర్ "మీరు ఇది అడిగారు, ఇది మారుస్తున్నా, ఇది మార్చలేను, కారణం ఇది" అని చెప్పాలి. ఇది ఒక్కసారి జరిగిందంటే వచ్చే ఫారం నింపేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారు, అటెండెన్స్‌తో బెదిరించక్కర్లేదు.

ఫ్యాకల్టీతో ఎలా మాట్లాడాలి

ఇక్కడే ఎక్కువమంది లీడర్లు బోల్తా పడతారు. క్వాలిటీ రివ్యూనీ, వ్యక్తుల అప్రైజల్‌నీ ఒకే గిన్నెలో వెయ్యకండి. కోర్సు రివ్యూలో నిజాయితీగా "ఈ యూనిట్ పిల్లలకి ఎక్కలేదు" అని రాసిన మాస్టారికి అదే కాగితం అప్రైజల్ టేబుల్ మీద కనపడిందంటే, ఆ తర్వాత ఆ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క నిజం కూడా బయటికి రాదు, అన్ని యూనిట్లూ అందరికీ అద్భుతంగా ఎక్కేస్తాయి. ఈ రెండూ కలవవు అని రాతపూర్వకంగా చెప్పండి, వైస్ ఛాన్సలర్ చేతో ప్రిన్సిపల్ చేతో చెప్పించండి, ఒకసారి ఎవరైనా కలపబోతే అడ్డుపడండి. మీ మాటకి విలువ ఆ రోజే వస్తుంది.

సీనియర్లలో ఒకాయన ఉంటారు, "ఇరవై ఏళ్ళుగా చెప్తున్నా, ఇప్పుడు నాకు అవుట్‌కమ్ నేర్పిస్తారా" అంటారు. ఆయనతో వాదించకండి. "సార్, మీ కోర్సులో పిల్లలు ఏడాదేడాదీ ఎక్కడ తడబడతారో మీకంటే ఎవరికి తెలుసు, ఆ ఒక్కటి మాకు చెప్పండి, దాని మీదే పని చేద్దాం" అనండి. ఇరవై ఏళ్ళు చెప్పిన మనిషి దగ్గర దీనికి సమాధానం ఉంటుంది, అదీ ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ దొరకనిది. ఆయన చెప్పిందే ఆ ఏడాది ఆ కోర్సు రివ్యూ. ఫార్మాట్ మీ ఆఫీస్ నింపుకోవచ్చు.

పని తగ్గించడం కూడా మీ బాధ్యతే. ఒకే సమాచారం మూడు ఫారాల్లో అడుగుతున్నారా చూడండి, అడుగుతూనే ఉంటారు, రెండు తీసెయ్యండి. కొత్త ఫారం పెట్టాలంటే పాతది ఒకటి పోవాలి అని రూల్ పెట్టుకున్న డీన్‌ని ఫ్యాకల్టీ నెత్తిన పెట్టుకుంటారు. కోర్సు ఫైల్ మందం చూసి మెచ్చుకునే అలవాటు మాత్రం వెంటనే మానండి.

మీటింగ్, మినిట్స్

మినిట్స్‌లో "విషయము కూలంకషముగా చర్చించడమైనది, తగు చర్యలు తీసుకొనవలసినదిగా సూచించడమైనది" అనే వాక్యం ఉంటే ఆ మీటింగ్ జరగనట్టే లెక్క. తగు చర్య ఏంటి, తీసుకునేది ఎవరు? దాని బదులు ఇలా ఉండాలి: స్టాటిస్టిక్స్ పేపర్‌లో నాలుగో పది మార్కుల ప్రశ్నకి ఇంక ఛాయిస్ ఉండదు, వచ్చే సెమిస్టర్ నుంచి అమలు, బాధ్యత కోర్సు టీచర్‌ది, ఫలితం ఎలా ఉందో జూలై మీటింగ్‌లో చెప్పాలి. నాలుగు ముక్కలు, పని, ఎప్పట్నుంచి, ఎవరు, తిరిగి ఎప్పుడు చూస్తాం. నాలుగోది లేకపోతే మొదటి మూడూ గాల్లో కలిసిపోతాయి. ప్రతి మీటింగ్ మొదటి అంశం పోయిన మీటింగ్‌లో తిరిగి చూస్తామన్నవే అయ్యుండాలి, ప్రార్థన, స్వాగతం, పూలబొకే తర్వాత సరే.

ప్లాన్ చెయ్, చేసి చూడు, ఫలితం పరిశీలించు, దాన్నిబట్టి సరిదిద్దు అనే డెమింగ్ చక్రం బొమ్మ ప్రతి క్వాలిటీ ఆఫీస్ గోడ మీదా ఉంటుంది. మూడో నాలుగో భాగాలు జరిగేది ఈ మినిట్స్‌లోనే, బొమ్మలో కాదు. ఫలితం బాగా రాలేదని తేలితే అది కూడా రాయండి, మార్చి చూశాం, పనిచెయ్యలేదు, ఇంకోలా చేస్తున్నాం అని రాసి ఉన్న ఫైల్ చూస్తే అనుభవం ఉన్న బయటి టీమ్ మెంబర్‌కి నమ్మకం కుదురుతుంది. అన్నీ సక్సెసే అయిన ఫైల్ చూస్తే అనుమానం వస్తుంది.

ప్రోగ్రాం రివ్యూ, బయటి టీమ్

కోర్సు స్థాయిలో ఏటా చూసేది వేరు, మొత్తం డిగ్రీ ప్రోగ్రాంని కొన్నేళ్ళకోసారి నిలబెట్టి చూసేది వేరు. ఏబెట్‌లో పూర్తి రివ్యూకి గరిష్ఠంగా ఆరేళ్ళు, ఆస్ట్రేలియాలో ఉన్నత విద్యని నియంత్రించే టెక్సా సంస్థలకి ఇచ్చే రిజిస్ట్రేషన్ ఏడేళ్ళు దాటదు, యూరప్ దేశాలు 2005లో ఒప్పుకుని 2015లో సవరించుకున్న ప్రమాణాల్లో మొదటి భాగం మొత్తం సంస్థ లోపల జరగాల్సిన పని గురించే, పది ప్రమాణాలు, వాటిలో బయటి తనిఖీ గురించి చెప్పేది పదోది ఒక్కటే. ఆ వరస చూస్తేనే అర్థమవుతుంది బరువు ఎక్కడుందో. మీ ప్రోగ్రాంలన్నీ ఒకే ఏడాది రివ్యూకి రాకుండా ఏడాదికి రెండు మూడు చొప్పున క్యాలెండర్ వెయ్యండి, లేకపోతే ఆ ఏడాది పాఠాలు ఎవరూ చెప్పరు.

సెల్ఫ్ స్టడీకి, అంటే రివ్యూకి ముందు ప్రోగ్రాం వాళ్ళు తమ గురించి రాసుకునే రిపోర్ట్‌కి, పేజీల హద్దు పెట్టండి, ఇరవై ఐదు చాలు. ప్రోగ్రాం వాళ్ళే మూడు ప్రశ్నలు ఎంచుకోవాలి, నిజంగా సమాధానం కావాలని ఉన్నవి, మా మూడో ఏడాది ప్రాజెక్టులు ఎందుకు నాసిగా ఉంటున్నాయి లాంటివి. బయట్నుంచి పిలిచే ఇద్దరిలో ఒకరు మీ స్థాయి సంస్థ నుంచే ఉండాలి, పెద్ద పేరున్న సంస్థ వాళ్ళనే పిలిస్తే వాళ్ళు చెప్పే సలహాలకి మీ దగ్గర డబ్బుండదు, వాళ్ళ దగ్గర మీ సమస్య ఉండదు. స్నేహితుల్ని అస్సలు పిలవొద్దు. వాళ్ళ రిపోర్ట్ వచ్చాక నెలన్నరలో డిపార్ట్‌మెంట్ జవాబు, దానిమీద మీ నిర్ణయం, డబ్బు కావాల్సినవాటికి బడ్జెట్ లైన్ అన్నీ రావాలి. బడ్జెట్ కమిటీలో మీకు సీటు లేకపోతే ఆ సీటు కోసం గొడవ పడండి, రివ్యూలో తేలినదానికి రూపాయి కూడా రాకపోతే రెండో రివ్యూకి ఎవరూ మనసు పెట్టరు.

అక్రిడిటేషన్ టీమ్ రాక గురించి ఎక్కువ చెప్పను, పైవన్నీ నడుస్తుంటే దానికి కావాల్సిన సాక్ష్యం చాలావరకు రెడీగానే ఉంటుంది. రెండే జాగ్రత్తలు. స్టూడెంట్స్‌కి డైలాగులు నేర్పించకండి, పదిమంది పిల్లలు ఒకే వాక్యం చెప్తే టీమ్‌కి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. జరగని మీటింగ్‌కి మినిట్స్ రాయమని ఎవరైనా అంటే కుదరదని చెప్పండి, ఆ ఒక్క కాగితం దొరికితే మిగతా నిజమైన కాగితాలన్నీ అబద్ధాలైపోతాయి. లోపం ఉంటే రిపోర్ట్‌లో మీరే రాసెయ్యండి, పక్కనే ఏం చేస్తున్నారో కూడా రాయండి, వాళ్ళు కనిపెట్టిన లోపం కంటే మీరు చెప్పిన లోపానికి మర్యాద ఎక్కువ.

ఏఐ టూల్స్ వచ్చాక ఇంకో ప్రశ్న కూడా ఈ రివ్యూల్లోకి వచ్చింది. ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంట్ మీద ఆధారపడి కొలుస్తున్న అవుట్‌కమ్స్ ఏవో ఒక లిస్ట్ తియ్యమనండి. ఆ లిస్ట్‌లో ఉన్నవాటికి క్లాసులో కూర్చోబెట్టి రాయించడమో, ఐదు నిమిషాలు ఎదురుగా అడగడమో, ఇంకో సాక్ష్యం తోడు కావాలి. కనిపెట్టే సాఫ్ట్‌వేర్ కొనడం దీనికి జవాబు కాదు, అవి మనిషి రాసినదాన్ని కూడా మెషీన్ రాసిందంటుంటాయి.

మీ తర్వాత వచ్చేవాళ్ళకి

ఈ పదవిలో మీరు మహా అయితే మూడేళ్ళు నాలుగేళ్ళు ఉంటారు. చేరిన రోజు నుంచే ఒక పది పేజీల డాక్యుమెంట్ నడపండి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఏది ప్రయత్నించి వదిలేశాం, ఏ ప్రోగ్రాం రివ్యూ ఏ ఏడాది, ఏ సిఫార్సు ఎక్కడ ఆగింది, ఎవరి సంతకం దగ్గర ఆగింది. ఇది మీ పర్సనల్ లాప్‌టాప్‌లో కాకుండా ఆఫీస్ అకౌంట్‌లో ఉండాలి, క్వాలిటీ ఆఫీస్‌లో మీతోపాటు బదిలీ అవ్వని ఒక పర్మనెంట్ ఉద్యోగికి దాన్ని ఎలా నడపాలో తెలిసుండాలి, పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉండాలి, అలాగే అటెయిన్‌మెంట్ షీట్లలో ఫార్ములాలు ఎవరు రాశారో, ఏ సెల్ ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక పేజీ నోట్ పెట్టించండి, అది రాసిన కుర్ర లెక్చరర్ ఉద్యోగం మారకముందే.